స్వహస్తలేఖలును వేలముపాటయు

మూసీనది యుత్తరపు గట్టున అఫ్జల్‌గంజులో నొక గ్రంథాలయమును, దానికి దాపుననే దక్షిణపు గట్టున దారుల్‌షిఫాలో నొక ప్రదర్శనశాలయు గలవు. మొదటిది 1891లో ఆబిడ్సు ప్రాంతమున ఆసఫియా గ్రంథాలయమను పేర వెలసి, 1936లో నేటి సౌధమునకు మాఱినది. రెండవది మూడవ సాలార్‌జంగు జీవితకాలమున కూర్చిన వస్తుసంచయము. 1951 డిసెంబరు 16వ తేదీన దివాన్ దేవిడీలో ప్రజలకు తెఱవబడి, 1968లో ఇప్పటి భవనమునకు వచ్చినది. ఈ ప్రదర్శనశాల సంపదలో యాఖూతు ముస్తాసిమి వ్రాసిన ఖురాను ప్రతి యొకటి గలదు. యాఖూతు బాగ్దాదు నేలిన కడపటి అబ్బాసు ఖలీఫా కొలువున నుండి, 1298లో గతించిన లేఖకశిఖామణి. అరబ్బీ లిపి సౌందర్యమునకు అతని వ్రాత యొరగల్లు. ఆ ప్రతిమీద జహాంగీరు, షాజహాను, ఔరంగజేబు అను ముగ్గురు పాదుషాల చేవ్రాళ్లు గలవు.

ఇట నొక విచిత్రము గలదు. యాఖూతు వ్రాత జీవితమంతయు సాధన చేసినవాని వ్రాత. పాదుషాల వ్రాత గ్రంథము తమ చేతికి వచ్చినప్పుడు గుర్తుగా వేసిన వ్రాత. కళాదృష్టితో చూచినచో మొదటిదాని ముందు రెండవది నిలువజాలదు. అయినను ఆ గ్రంథమును గూర్చి చెప్పువారు మొదట చెప్పునది ముగ్గురు పాదుషాల సంగతియే. వినువాడు చూడగోరునదియు దానినే. అందము వ్రాసినవాని చేతిలో నున్నది, ఆకర్షణము మఱియొకని చేతిలో నున్నది. ఈ వైషమ్యమునకు హేతు వేమి? ప్రాచీనుల చేవ్రాళ్లను చూడవలెనని, చూచిన పిదప ఏ ధరకైనను కొనవలెనని జనులకు గలుగు నుత్సుకతయందు సారమున్నదా, లేక అది యుత్త వ్యామోహమా? సీమలోని వేలముశాలలలో ఈ యుత్సుకత యొక వర్తకముగా వర్ధిల్లుచున్నది గనుక దీనిని తెలుగువారి పత్రసంపదతో జోడించి విచారించుట యవసరము.

ముందుగా పదములను విచారింతము. ఐరోపీయులు వాడు ‘ఆటోగ్రాఫు’ అను మాట యవనభాషనుండి పుట్టినది. తాను వ్రాసినది యని దాని యవయవార్థము. అందు వ్రాసినవాడు గలడు, చేయి లేదు. తెలుగున ‘చేవ్రాలు’ అందుము. చేతి యొక్క వ్రాలని షష్ఠీసమాసముగా చెప్పినను, చేతితో నైన వ్రాలని తృతీయాసమాసముగా చెప్పినను, చేయి యున్నది గాని తాను లేడు. పారసీకమున ‘దస్త్’ అనగా చేయి, ‘ఖత్’ అనగా గీత; ఆ రెంటి కూర్పైన ‘దస్తఖత్’ తెలుగున ‘దస్కత్తు’ అయినది. అందును చేయియే. సంస్కృతమున మాత్రము ‘స్వహస్తము’ అను శబ్దము రెంటిని కలుపుకొన్నది: స్వ యనగా తాను, హస్త మనగా చేయి. వ్రాతను ‘స్వహస్త’మనుట లాక్షణికము, చేయి చేసినదానిని చేయి యనియే పిలుచుట. ఈ లక్షణలోనే ప్రకృతవిషయ మంతయు నిమిడియున్నదని చెప్పవచ్చును. చూచువాడు కాగితమును జూడడు, చేతినే చూచుచున్నాననుకొనును.

వేలము సంగతియు వినదగినదే. ఈ శబ్దము పోర్చుగీసువారి ‘లైలావ్’ అను మాటనుండి ఓడరేవుల త్రోవను దక్షిణదేశభాషలలో దిగినది; అరవమున ‘ఏలము’, మలయాళమున ‘లేలము’ దాని తోబుట్టువులు. నైజాము రాజ్యమున దీనిని ‘హర్రాజు’ అనిరి. అది అరబ్బీ ‘హరాజు’. పేరు రెండు విధముల పరాయిదే గాని, ధర పెంచుటను మాత్రము తెలుగువాడు ‘పాట’ యన్నాడు, ధర చెప్పువానిని పాడువా డన్నాడు. వస్తువు చుట్టు నిలిచి పోటీపడి యఱచువారి గొంతులో ఇతనికి పాట వినబడుట చమత్కారమే.

సీమలో ఈ వర్తకము పుస్తకములతోనే మొదలైనది. 1744 మార్చి 11వ తేదీన శామ్యూల్ బేకర్ అను పుస్తకవిక్రేత లండనులో సర్ జాన్ స్టాన్లీ గ్రంథసంచయమును వేలము వేసెను. నేటి సోథబీ సంస్థ తన జన్మదినము ఆనాటిదేయని చెప్పుకొనును. క్రిస్టీ సంస్థ 1766లో పుట్టినది. ఈ శాలలలో నొక యాచారము గలదు: పాటకు ముందు కొన్ని దినములు సరకును అందఱకు జూపుదురు. కొనువాడే కావలెనను నియమము లేదు. ప్రవేశమునకు రుసుము లేదు. వచ్చినవాడు కోరినచో భటుడు జాబును అఱనుండి తీసి బల్లమీద పెట్టును. ప్రదర్శనశాలలో అద్దము వెనుక దీపపు మసకవెలుగున నుండు పత్రమిక్కడ చేతికందును. దానిని త్రిప్పి చూడవచ్చును. వెలుతురున కెత్తి కాగితములోని నీటిగుర్తును చూడవచ్చును. సిరా ఎక్కడ చిక్కబడినదో, కలము ఎక్కడ ఆగినదో గమనింపవచ్చును. ఒక జాతి రాజుల రహస్యలేఖలను దారిని పోవువాడు చేతబట్టి చూచు స్థలము లోకమున నింతకంటె వేఱొకటి యుండదు. పైగా ఆ దర్శనము క్షణికము. పాట ముగిసిన మఱునాడు అది యెవరి యినుపపెట్టెలోనికో పోవును. మరల నొక తరమువఱకు బయటికి రాకపోవచ్చును. నేడు చూడనిచో ఱేపు లేదను భావమే చూపునకు పదును పెట్టును. తిరునాళ్లనాటి దేవుని చూచుటకును, నిత్యము గుడిలో నుండు మూలవిరాట్టును చూచుటకును గల భేదము దీనిలో గలదు.

చేవ్రాళ్ల వర్తకులలో తరతమభేదము లున్నవి. ఒట్టి సంతక మన్నిటికంటె తక్కువ ధర. గుమాస్తా వ్రాయగా యజమానుడు సంతకము చేసిన జాబు దానికంటె మేలు. మొదటినుండి తుదివఱకు తన చేతితో వ్రాసినది యుత్తమము. అందును విషయము గొప్పదైనచో చెప్పనక్కఱలేదు. ఈ తారతమ్యము తెలియని వెనుకటి సంగ్రాహకులు కొందఱు సీమలో పాత జాబుల యడుగుభాగమున నున్న సంతకములను కత్తిరించి పుస్తకముల నతికించుకొని, పైభాగమును పాఱవైచిరి. ఒక మనుష్యుని సంభాషణమంతయు చంపి వాని పేరు మాత్రము మిగిల్చిన ఈ పాతకమునకు ఏ నిష్కృతియు లేదు. సంతకమును ప్రేమించుట వేఱు, వ్రాతను ప్రేమించుట వేఱని దీనిచే దెలియును.

ఇక ఈ దర్శనమున గలుగు నానంద మెట్టిది? కొందఱు దీనిని కావ్యానందముతో పోల్చుదురు. అది సరికాదు. భట్టనాయకుడు చెప్పిన సాధారణీకరణమును అభినవగుప్తుడు స్వీకరించి, రసమునకు గల విఘ్నములను లెక్కించుచు, ఇది నాది, ఇది పరునిది, ఇది ఫలాని దేశకాలములది యను విశేషబుద్ధిని అందు నొక విఘ్నముగా జెప్పినాడు. దుష్యంతుడు ఫలాని సంవత్సరమున ఫలాని యూర నున్నవాడను జ్ఞానము రసము నుద్దీపింపదు, అడ్డును. చేవ్రాలు చూచువాని స్థితి దీనికి సరిగా విపరీతము. ఈ మనిషి, ఈ దినమున, ఈ కాగితముమీద, ఈ సిరాతో వ్రాసినాడను విశేషబుద్ధియే అక్కడ సర్వస్వము. ఆ విశేషము తొలగినచో మిగులున దేమియు లేదు: అచ్చులో నదే వాక్యము పది పైసల కాగితముపై దొరకును. కావున ఇది రసము కాదు. దీనికి సరియైన పేరు అభిజ్ఞానము. ధూమమును జూచి వహ్ని నూహించునట్లు కార్యమును జూచి కారణమును పట్టుట దీని స్వభావము. ఇచ్చట కార్యము గీత, కారణము చేయి. అయితే నైయాయికుని యనుమానమున హృదయస్పందనము లేదు, ఇందు గలదు. అంతే భేదము.

ఈ హృదయస్పందనమును కాళిదాసు చక్కగా నెఱిగినాడు. విక్రమోర్వశీయము రెండవ యంకమున ఊర్వశి భూర్జపత్రముపై తన ప్రేమను వ్రాసి విడుచును. పురూరవుడు చదివి, తన వ్రేళ్ల చెమటచే అక్షరములు చెడునేమోయని జంకి, ఆ పత్రమును విదూషకుని చేతికిచ్చి పట్టుకొమ్మనును. అచ్చట కవి ఆ పత్రమును ‘లేఖ’ యనలేదు. ప్రియురాలి ‘స్వహస్త’ మనినాడు. తెలుగు పాఠశాలలలో ఈ నాటకమును చెప్పువారు సాధారణముగా ఈ మాటను వ్యాఖ్యాతల యర్థముతో దాటిపోవుదురు. కాని రాజునకు పత్రములోని విషయము కంఠస్థమైన పిదపకూడ పత్రము కావలసియే యుండుట, చెమటకు భయపడుట గమనింపదగినవి. విషయము తెలిసిన పిదప మిగులునది చేయియే. తరువాత జరిగినదియు నందఱెఱిగినదే: విదూషకుడు పరాకుగా ఆ పత్రమును జాఱవిడిచెను, గాలికి గొట్టుకొనిపోయి అది పట్టపుదేవి చేత జిక్కెను. దేనిని మిక్కిలి ప్రేమతో దాచుదుమో దానిని మిక్కిలి యజాగ్రత్తగలవాని చేత నుంచుట ఒక్క పురూరవుని లోపమే కాదు.

భారతీయులలో చేవ్రాలి చరిత్ర కొంత వింతయైనది. పాణిని లిపికరశబ్దమును సాధించినాడు గనుక వ్రాయసగాడు ఆనాటికే వ్యవహారమున నున్నాడు. అయినను విద్య నోటిది. వ్రాత చూచి చదువువానిని పాఠకాధములలో జేర్చినది పాణినీయశిక్ష. ఇట్టి సంప్రదాయమున కవి స్వయముగా వ్రాసిన ఆకునకు పూజ్యత గలుగుట దుర్ఘటము. రాజులు మాత్రము స్వహస్తము నెఱుగుదురు. ఉత్తరదేశపు శ్రీహర్షుని బన్స్‌ఖేరా తామ్రశాసనమున చివర నది మహారాజు స్వహస్తమని చెప్పుచు అందమైన యక్షరములు చెక్కబడియున్నవి. విజయనగరరాజుల తామ్రశాసనములు సంస్కృతమున నాగరలిపిలో వ్రాయబడినను, చివర ‘శ్రీ విరూపాక్ష’ యని కన్నడలిపిలో నుండును; తరువాతి ఆరవీటివారి శాసనములలో ‘శ్రీ వేంకటేశ’ యనునది వచ్చినది. దీనిని రాజుల చేవ్రాలని పండితులు చెప్పుచున్నారు. కాని విచారించినచో ఇది మూడు విధముల చేవ్రాలు కాదు: వ్రాసినది రాజు పేరు కాదు, దేవుని పేరు, చెక్కినది రాజు చేయి కాదు, కంసాలి చేయి, ఒక రాజు పోయి మఱియొకడు వచ్చినను మాట మాఱదు. అయినను అది రాజాజ్ఞకు ప్రమాణము. ‘తాను’ ఎంత తక్కువగా నుండునో అంత గొప్పదైన సంతక మిది. సీమలోని వేలముశాలకు ఇది పోయినచో ఏ తరగతిలో జేర్తురో వారికే తెలియవలెను.

కవుల విషయమున లోటు మఱింత పెద్దది. నన్నయ తిక్కనలు గాని, పోతన గాని తమ చేతితో వ్రాసిన ఆకు ఒక్కటియు లోకమున కెఱుకపడి లేదు. తాటియాకునకు పురుగు, చెద, మూసీ వంటి నదుల వరదలు శత్రువులు. ఆకులు శిథిలమగుకొలది క్రొత్త ప్రతి వ్రాసికొని పాతదానిని నీట విడుచుట యాచారము. తాళ్లపాక అన్నమాచార్యుని సంకీర్తనములు రాగిరేకులపై చెక్కబడి తిరుమలలో సంకీర్తనభాండారమున నిలిచినవి. వానిమీద నున్నది యాచార్యుని చేయి కాదు, చెక్కినవారి చేయి. మనకు మిగిలిన స్వహస్తములన్నియు లేఖకులవే. వారు గ్రంథాంతమున తమ పేరు, ఊరు, తిథివారములు వ్రాసికొందురు. చూచినట్లే వ్రాసితిని, తప్పులున్న నా నేరము గాదందురు. నడుము వంగి, మెడ వాలి, చూపు మందగించి వ్రాసిన ఈ పుస్తకమును కాపాడుడని చదువరిని వేడుకొందురు. గొప్ప గ్రంథము చివర నీ దీనమైన మాటలు చదువునప్పుడు గలుగు ఆర్ద్రత పాదుషాల చేవ్రాలు జూచినప్పుడు గలుగునా యనునది ఎవరికి వారు తేల్చుకొనవలసిన విషయము. వర్తకమున నీ లేఖకులకు ధర లేదు.

స్వహస్తము లేకపోవుటచే విమర్శకులకు గలిగిన కష్టము చిన్నది కాదు. మానవల్లి రామకృష్ణకవి తంజావూరి సరస్వతీమహలు గ్రంథాలయమున నన్నెచోడుని కుమారసంభవమును కనుగొని 1909లో తొలిభాగమును ప్రకటించినప్పుడు తెలుగుదేశమున నొక ప్రాచీన మహాకవి దొరికెనను సంతోషముతోబాటు, ఇది నిజముగా ప్రాచీనమా, ప్రకాశకుని కల్పనమా యను శంకయు బయలుదేఱినది. వాదము తరములపాటు సాగినది. భాషనుబట్టి, ఛందమునుబట్టి, శాసనములనుబట్టి పండితులు పోరాడిరి. ప్రతి ఎప్పటిది, వ్రాసిన చేయి యేది, ఆకు ఏ కాలపుది యను పరీక్ష అన్నిటికంటె ముందు జరుగవలసినది. ఆ పరీక్ష చేయు విద్య మనలో పెంపొందలేదు. వేలముశాలల వారికి ధనలోభమే ప్రేరకమైనను ఈ విద్య యందు వారు ఆఱితేఱిరి. కాగితపు నీటిగుర్తు ఏ సంవత్సరపుదో, సిరా ఆనాటికి పుట్టినదా లేదా, అక్షరపు తోక ఏ వయస్సున ఎటు తిరిగినదో వారు తేల్చుదురు, లేనిచో దొంగపత్రమున కొక కోటి ధారపోయవలసి వచ్చును. ధనముచే కలిగిన జాగ్రత్త యైనను జాగ్రత్తయే.

స్వహస్తము విలువను తగ్గించి చెప్పువారు, అచ్చుప్రతి యున్నప్పుడు వ్రాతప్రతి యేలయని యడుగుదురు. దీనికి సమాధానము చెప్పుట వ్యాకరణజ్ఞులకు కొంత సిగ్గుచేటు. తెలుగు కావ్యములను అచ్చువేయించిన పండితులు, విశేషించి 1858లో చిన్నయసూరి బాలవ్యాకరణము వెలువడిన పిదపటివారు, ప్రతులలోని రూపములను సూత్రములకు దిద్దిరి. వ్రాయసగాని తప్పేదో, కవి వాడుకయేదో విడదీయుటకు వారు ఆగలేదు. సూత్రమునకు రానిది తప్పనుకొనిరి. గిడుగు రామమూర్తి పంతులు ప్రాచీనప్రతులలోని ప్రయోగములను పోగుచేసి చూపినప్పుడు సూత్రపక్షమువారికి గలిగిన చిక్కంతయు నిక్కడనే యున్నది. కవి స్వహస్తప్రతి యొక్కటి దొరికియున్నచో అరసున్న యెక్కడ నుంచెనో, సంధి యెక్కడ విడిచెనో, శకటరేఫమును పాటించెనో లేదో కన్నులారా చూచి తీర్పు చెప్పియుందురు. ఆ తీర్పు ఏ పక్షమునకు వచ్చియుండునో చెప్పజాలము. కాని నూఱేండ్ల కలహము పదియాకులతో తీరియుండెడిది.

స్వహస్తమున కొట్టివేతలకు గల విలువ సంతకమునకు లేదు. శుద్ధప్రతి నిర్ణయమును జూపును. చిత్తుప్రతి సంకోచమును జూపును. ఒక మాటను వ్రాసి, కొట్టి, పైన మఱియొకటి వ్రాసి, దానినిగూడ కొట్టి మొదటిదానికే వచ్చినవాని మనస్సు అచ్చులో కనబడదు. సి. పి. బ్రౌను పండితులచే వ్రాయించిన ప్రతులు చెన్నపురి ప్రాచ్యలిఖితపుస్తకభాండాగారమున నేటికిని గలవు. వానిని తెఱచినవారికి ముద్రితనిఘంటువు వెనుక నున్న శ్రమ యెట్టిదో బోధపడును.

తెలుగుదేశమునకు సంబంధించిన యొక స్వహస్తపత్రపు కథ ఇచట చెప్పదగినది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు దక్షిణదేశసంచారమున మదనపల్లెకు వచ్చి, అనీబిసెంటు 1915లో నెలకొల్పిన దివ్యజ్ఞానకళాశాలలో ఆతిథ్యము గొనెను. అధ్యక్షుడు జేమ్స్ కజిన్స్ ఐర్లండు కవి. ఆయన భార్య మార్గరెట్ సంగీతజ్ఞురాలు. ‘జనగణమన’ గీతమును కవి అచ్చటనే ఫిబ్రవరి 28వ తేదీన ఆంగ్లమున కనువదించి తన చేతితో వ్రాసి యిచ్చెను. స్వరము కూర్చుటకు మార్గరెట్ తోడ్పడెను. ఆ గీతము 1950 జనవరి 24న జాతీయగీతమైనది. తరువాత కళాశాల ధనసంకటములో బడినప్పుడు ఆ మూలపత్రమును అమెరికాలోని యొక సంగ్రాహకునకు విక్రయించిరని చెప్పుదురు. కళాశాలలో చట్రము గట్టి యున్నది దాని ప్రతికృతి. దానిని జూచుటకే జనులు వచ్చుచుందురు.

ఈ కథ విన్నవారు సాధారణముగా అమ్మినవారిని నిందింతురు. నింద సులభము. ఉపాధ్యాయుల జీతములు, విద్యార్థుల యవసరములు ఒకవైపు, ఒక కాగితము మఱియొకవైపు నున్నప్పుడు దేనిని ముందు పెట్టవలెననునది దూరమున గూర్చున్నవారు తేల్పజాలరు. మఱియు కవి స్వయముగ నుండినచో బడి నిలుపుటకు కాగితము నమ్ముమనియే చెప్పియుండునేమో. శాంతినికేతనమునకై నాటకములు వేసి చందాలెత్తినవాడాయన. గాంధీమహాత్ముడు సంతకమున కైదు రూపాయలు వసూలు చేసి హరిజననిధికి జమకట్టినాడు. వ్రాసినవాడే ధర నిర్ణయించిన సంతక మది. కాని మదనపల్లె విషయమున పోయినది కాగితము మాత్రమే కాదు, దానికిని ఆ యూరికిని గల సంబంధము. అమెరికాలో నది రవీంద్రుని చేవ్రాలు. మదనపల్లెలో నది రవీంద్రుడు ఈ గదిలో గూర్చుండి వ్రాసినదానికి సాక్షి. ఒకే పత్రము స్థలభేదముచే రెండు వస్తువులగును. ప్రతికృతిని జూచువారికిని కొంత యానందము గలుగుటకు హేతువు ఇదియే: పత్రము మాఱినను గది మాఱలేదు. మూలము చేయిని జూపును, ప్రతికృతి చోటును జూపును. రెండును కలిసియుండుట భాగ్యము. ఆ భాగ్యము అమ్ముడుపోయినది.

హైదరాబాదులో నిట్టి స్థలభాగ్యము కొంతకు కొంత నిలిచియున్నది. నాంపల్లి ఆబిడ్సుల నడుమ సరోజినీదేవి పుట్టింటి వారి యిల్లు 1905లో వెలువడిన ఆమె తొలికావ్యపు పేరుతో ‘గోల్డెన్ త్రెషోల్డు’ అయినది. 1974లో కేంద్రవిశ్వవిద్యాలయ మచ్చటనే మొదలైనది. ఆమె లేఖలు 1996లో అచ్చైనవి. తార్నాకలోని రాజపత్రభాండాగారమున షాజహాను, ఔరంగజేబుల కాలపు దక్కను కచ్చేరీ కాగితములు గలవు. అందు పాదుషాల చేతికంటె గుమాస్తాల చేయియే మిన్న, అయినను పంట, సైన్యము, జీతము అను నిజములు వానిలోనే యున్నవి. అఫ్జల్‌గంజు గ్రంథాలయమున నొకప్పుడున్న వ్రాతప్రతుల పెద్దరాశి తరువాత ప్రాచ్యలిఖితగ్రంథాలయమునకు చేరినది. అఫ్జల్‌గంజులో పఠనాలయము నేటికిని నిండియుండును. పోటీపరీక్షల విద్యార్థులు దానిని నింపుదురు. వారిని తప్పుపట్టుట తగదు, వెలుతురుగల బల్ల ఆ చుట్టుప్రక్కల నెందఱికి దొరకును!

ఇక ధరల సంగతి. 2012లో గాంధీమహాత్మునకును ఆయన మిత్రుడు కలెన్‌బాకునకును సంబంధించిన లేఖలు లండనులో సోథబీవారి పాటకు రానుండగా, భారతప్రభుత్వము సుమారు 7 లక్షల పౌనులకు వానిని ముందే కొని ఢిల్లీలోని జాతీయభాండాగారమునకు జేర్చెను. 2025 జూనులో రవీంద్రుడు ధూర్జటిప్రసాద ముఖర్జీకి వ్రాసిన 35 లేఖలు ముంబయి సంస్థ యొకటి జరిపిన పాటలో 5 కోట్ల 90 లక్షల రూపాయలకు పోయినవి. ఈ యంకెలు విన్నంతనే పత్రముల ముందు జనము గుమిగూడుట సహజము. అంతకు మున్ను దానిని చూడని కన్ను అంకెను జూచి చూచును. ధర చూపును చెఱచునని పెద్దలు చెప్పుట నిజమే. కాని ధర లేకపోవుట పత్రమునే చెఱచును. ఠాకూరు లేఖను కాల్చువాడు నేడు లేడు. తెలుగు కవి లేఖ మాటయేమి? ఇంటిపెద్ద పోయినపిదప అటకమీది కాగితపు మూటలు తూకమునకు పోవును. ఆబిడ్సులో ఆదివారమునాడు కాలిబాటపై పఱచిన పాతపుస్తకములలో కవి స్వహస్తముతో మిత్రునకు అంకితముగా వ్రాసియిచ్చిన ప్రతులు దొరకుట పుస్తకప్రియు లెఱిగినదే. అమ్మువాడు వ్రాత యున్నందుకు పుస్తకము ఖరాబైనదని ధర తగ్గించును. హర్రాజు అవమానమని తలచువారు ఈ తూకపు త్రాసును ఒకసారి చూడవలెను. సీమవాని దుర్గుణము చేవ్రాలును సొమ్ముగా జూచుట. మనవారి దుర్గుణము దానిని కాగితముగా జూచుట. రెంటిలో మొదటిదానినుండియే పత్రము బ్రతికి బయటపడు నవకాశ మెక్కువ.

1934లో సురవరము ప్రతాపరెడ్డి గోలకొండ కవుల సంచికను ప్రకటించెను. తెలంగాణములో కవులు లేరను మాటకు సమాధానముగా 354 మంది కవులను అందు నిలిపెను. వాదమున గెలిచిన దా సంచిక. అచ్చైన పద్యములే సాక్ష్యము. ఇంతమంది ఎన్ని యూళ్లనుండి, ఎట్టి కాగితములపై, ఎట్టి యక్షరములతో వ్రాసిరో అచ్చు చెప్పదు. ఆ తరమువారి లేఖలు, చిత్తుప్రతులు కుటుంబములలో నక్కడక్కడ గలవనుటకు ఆదివారపు కాలిబాటయే నిదర్శనము. 1972 నాటి ప్రాచీనవస్తుశాసనము ప్రకారము సాహిత్యచరిత్రాత్మకమైన విలువగల వ్రాతపత్రమునకు 75 ఏండ్లు నిండినచో అది పురావస్తువు. ప్రభుత్వముగాని, దాని యనుమతి పొందినవారుగాని తప్ప దానిని దేశము దాటింపరాదు. లోపల నమ్ముటకు వర్తకునకు అనుజ్ఞాపత్రము కావలెను. ప్రతాపరెడ్డి 1953లో గతించెను. ఆయన చేతితో వ్రాసిన కడపటి జాబునకును 2028లో ఆ వయస్సు వచ్చును. అప్పటికి అది ఏ యటకమీద నున్నదో, ఏ త్రాసులో నున్నదో చూడవలసినవారు దాని నుంచుకొన్న యింటివారే.